ఒంటిపూట సొరబుర్ర

ఆమధ్య మా వదిన ఊరి నుంచి షాద్‌నగర్‌కు నన్ను చూడడానికి వచ్చింది. సంచిలోంచి ఒక సీసా నెయ్యి, కొన్ని జొన్నరొట్టెలు, పాత చీర పేలికలో చుట్టిన ఒక వస్తువు తీసింది. మొదటి రెండూ తిన్నగా వంటింట్లోకి పోయాయి. మూడోదాన్ని నా ఒళ్లో పెట్టి, "పాతింటి కప్పు ఇప్పుతుంటె దూలానికి ఏలాడుకుంట కనబడ్డది మల్లమ్మా. పోరగాళ్లు పారేద్దామన్నరు. నీదే గద అని తెచ్చిన," అంది. పేలిక విప్పితే సొరకాయ బుర్ర. మెడ వంకర, ఒక పక్క చదును, నా రెండు దోసిళ్ల నీళ్లు కూడా పట్టని పొట్టిది. పొగకు నల్లబడి ఉంది. మెడకు కట్టిన గొర్రె ఊలు తాడును చిమ్మటలు సగం తిన్నాయి. ఊపితే లోపల ఏవో గలగలమన్నాయి. మూతికి బిగించిన గుడ్డ పీలిక అట్లాగే ఉంది. నేను దాన్ని వెంటనే విప్పలేదు. లోపల ఏముందో నాకు తెలుసు.

మా మనుమరాలు నిధి రెండో తరగతి. బుర్రను అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మమ్మా, ఇది ఏ కంపెనీ బాటిల్?" అని అడిగింది. కంపెనీ లేదు, పాదుకు కాసింది అంటే దానికి నా మీద కొంచెం జాలి కలిగింది. ఆ వారమే వాళ్ల బళ్లో పిల్లలకు ఒక పట్టిక ఇచ్చారు. పళ్లు తోముకునేటప్పుడు కుళాయి కట్టేశానా, గదిలోంచి వస్తూ లైటు ఆర్పానా, పళ్లెంలో అన్నం వదలకుండా తిన్నానా, మొక్కకు నీళ్లు పోశానా. రోజూ ఒక్కో గడిలో ఆకుపచ్చ నక్షత్రం అతికించాలి. మా ఇంట్లో ఆ నక్షత్రాలన్నిటినీ ఆదివారం సాయంత్రం టీవీ ముందు కూర్చుని మా అమ్మాయి ఒక్క ఊపున అతికించేస్తుంది. కుళాయి దాని పాటికది కారుతూనే ఉంటుంది. సోమవారం పొద్దున పిల్లకు బళ్లో చప్పట్లు కొడతారు. నేను పంతులమ్మగా చేసి దిగిపోయినదాన్నని తెలిసి, పిల్లలకు ఇంట్లో మంచి అలవాట్లు ఎట్లా చేయాలో వచ్చి చెప్పమని వాళ్ల పెద్ద మేడం కబురు చేసింది. సరేనన్నాను. చెప్పడానికి నా దగ్గర ఒక్కటే సంగతి ఉంది. అది మా అవ్వ సంగతి.

అవ్వ అంటే మా బాపు తల్లి. మాది గొర్లు కాసే ఇల్లు. ఎండలు ముదిరితే బాపు మందను తోలుకుని మేత కోసం అమ్రాబాద్ అడవుల దిక్కు పోయేవాడు, వానలు పడ్డాక తిరిగి వచ్చేవాడు. ఆయన లేనప్పుడు ఇల్లు అవ్వ చేతిలో ఉండేది. ఉన్నప్పుడు కూడా అవ్వ చేతిలోనే ఉండేది, కాకపోతే బాపు ఉన్నప్పుడు ఆయన్ను అడిగినట్టు చేసేది. మా ఊరి నేల ఎర్రచెలక, అడుగున పరుపుబండ. బావిలో నీళ్లకంటే చేద తగిలే చప్పుడు ఎక్కువ. అందుకని మా ఇంట్లో నీటిబొట్టు ఒక్కసారి వాడితే పని అయిపోయినట్టు కాదు. జొన్నలు కడిగిన నీళ్లు, గంజి, రొట్టె పిండి చేతులు కడిగిన నీళ్లు పెరట్లోని కుడితి గోలెంలోకి పోవాలి. అది బర్రె తాగుతుంది. గిన్నెలు బూడిదతో తోమిన నీళ్లు గుమ్మడి మొదట్లోకి. చెంబు బోర్లించబోయే ముందు అందులో మిగిలిన గుక్క నీళ్లను ఏ మొక్కకు పోయాలో ఆలోచించకుండా మాలో ఎవరి చెయ్యీ వంగేది కాదు. దీన్ని మంచి అలవాటని మాకు ఎవరూ చెప్పలేదు. పారబోస్తే వీపు మీద ఒకటి పడుతుందని మాత్రం తెలుసు.

అన్నిటికంటే గట్టి కట్టడి స్నానానిది. మా పెరట్లో గోడ వెంట వరసగా బండలు పరిచి ఉండేవి, ఇంట్లో మనిషికొకటి. ఎవరి బండ మీద వాళ్లే నీళ్లు పోసుకోవాలి. బండ వెనక చిన్న కాలువ, కాలువ చివర ఒక పాదు. అన్న బీరయ్యది దోసపాదు, అమ్మది బీర, బాపుది కాకర. అవ్వది చిక్కుడు. ఆ చిక్కుడును ఆమెను అడగందే ఎవరూ ముట్టకూడదు, అడగకపోయినా వాడకట్టు అంతటికీ ఆమే కోసి పంచేది. ఎవరు స్నానం చేశారో చేయలేదో ఇంట్లో ఎవరూ ఎవర్నీ అడిగేవాళ్లు కాదు. పొద్దున అవ్వ పాదుల వెంట నడుచుకుంటూ పోయి ఆకులు చూసేది. చలికాలంలో బీరయ్య తల మాత్రం తడుపుకుని వచ్చిన రోజున దోసపాదు మధ్యాహ్నానికల్లా ఆకులు వాల్చి వాణ్ణి పట్టిచ్చేది. "మనిషి అబద్దమాడుతడు గని పాదు ఆడదు బిడ్డా," అనేది అవ్వ. ఎవరి పాదు ఎండితే వాళ్లకు దండుగ. కొత్త మొక్క నాటి అది నిలదొక్కుకునేదాకా కుడితి గోలెం నింపే పని వాళ్లది. బావి నుంచి గోలెందాకా మోయాలి. ఒకసారి మా మామ పట్నం నుంచి ఎర్ర సబ్బు తెస్తే బీరయ్య మోజుపడి దాంతో రుద్దుకున్నాడు. వాడు మునుపెన్నడూ లేనంత శుభ్రంగా తేలాడు. దోసపాదు పచ్చబడి చచ్చింది. సబ్బును అవ్వ కాకులకు అందకుండా చూరులో దోపింది, వాడు గోలెం దగ్గర పనికి కుదిరాడు. ఆ తర్వాత మళ్లీ సున్నిపిండే.

నా బండ వెనక సొరపాదు ఉండేది. అది అట్లా కుదరడానికి కారణం బడి. బడి పక్క ఊళ్లో, కోసు దూరంలో ఉంది. దారిలో నీళ్లు లేవు, బడికి బావి లేదు. ఆ ఊరి బావి నీళ్లు ఆ ఊరికే చాలవు. ఎవరి నీళ్లు వాళ్లు మోసుకుపోవాలి. ఇంట్లో చెంబులు వాడకానికే తక్కువ, మట్టి ముంత పిల్లల చేతిలో దారి దాటదు. కనుక సొరబుర్ర. బాపు బుర్ర మందతో పోయేది, బీరయ్య బుర్ర బీరయ్యతో పోయేది. నేనూ బడికి పోతానని ఏడుపు మొదలుపెట్టిన రోజున అవ్వ నన్ను ఎగాదిగా చూసి ఒక సొరవిత్తు చేతిలో పెట్టింది.

"పెంచుకో. కాయ గాస్తది. ఎండినంక బుర్రయితది. బుర్రయిననాడు బడికి పో."

"అన్న బుర్రల నీళ్లు ఇద్దరం తాగుతం అవ్వా."

"ఇద్దరు తాగితే ఇద్దరికి ఎండుతది. తన బుర్ర తాను పెంచుకోలేనిది సదువేం జేస్తదే?"

ఈ మాటల్లో తనకొక అవకాశం ఉందని బీరయ్యకు తోచింది. "నా బుర్ర దానికియ్యి అవ్వా, నేను గొర్లకాడికి పోత," అన్నాడు ఎంతో త్యాగంగా. అవ్వ వాడి వైపు చూడను కూడా లేదు. వాణ్ణి బడికి పంపడం బాపు తీర్మానం, నన్ను పంపాలో వద్దో అప్పటికింకా ఎవరూ తీర్మానించలేదు. అందరి లెక్కలోనూ నేను గొర్రెపిల్లల వెనక తిరగాల్సినదాన్ని. సొరవిత్తు ఇచ్చి అవ్వ నన్ను బడికి పంపిందో, బడి మాట మరిచిపోయేట్టు చేయాలనుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. చలికాలం వస్తే ఈ పిల్ల స్నానం ఎగ్గొడుతుంది, పాదు ఎండుతుంది, గొడవ వదులుతుంది అనుకుని ఉండవచ్చు. ఆమె ముఖం చూసి ఆమె మనసులో మాట చెప్పగలిగినవాళ్లు మా ఊళ్లో లేరు.

నేను ఎగ్గొట్టలేదు. వానలో తడిసి వచ్చిన రోజున కూడా మళ్లీ బండ మీద కూర్చుని నీళ్లు పోసుకున్నాను. పాదు గుడిసె కప్పు మీదికి పాకింది, తెల్లగా పూసింది. పిందెల్లో ఒకటి నిలిచి పెరిగింది. గుండ్రటి కడుపు, సన్నటి మెడ, బుర్రకని పుట్టినట్టే ఉంది. గొర్రె ఎరువు తెచ్చి మొదట్లో వేశాను. కోతి రాకుండా పక్కనే కూర్చున్నాను. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి తడిమి వచ్చేదాన్ని. గోటితో గిచ్చితే దిగకుండా ఉంటే ముదిరినట్టని అవ్వ చెప్పింది. ఆ కాయ ఇంకా గోరు దిగే దశలో ఉండగా రాజలింగం సారు మా ఇంటికి వచ్చాడు.

సారు నల్లగొండ దిక్కు మనిషి. బళ్లో ఆయన ఒక్కడే పంతులు. ఆడపిల్లల్ని బడికి పంపమని ఊరూరా ఇల్లిల్లూ తిరిగేవాడు. ఆయన వచ్చిన సమయానికి నేను గొర్రెపిల్లలతో చెలక మీద ఉన్నాను. పంతులు గడప తొక్కాడు, అన్నం పెట్టకుండా పంపకూడదు. కోడిని కోయబోతే సారు నీసు తినడట. ఇంట్లో పప్పు లేదు. బీర అయిపోయింది, కాకర అయిపోయింది. చిక్కుడు ఇంకా పూత మీదే ఉంది. మా అమ్మ నాలుగు దిక్కులా చూసి కప్పు వైపు చూసింది. నేను ఇంటికి వచ్చేసరికి సారు పీట మీద కూర్చుని రొట్టెలోకి కూర నంజుకుంటున్నాడు. అమ్మ విసనకర్రతో విసురుతోంది. కప్పు మీద నా కాయ ఉన్న చోట తొడిమ మిగిలింది.

"ఏం కూరనమ్మా ఇది, వెన్న లెక్కున్నది," అన్నాడు సారు.

"గది మా పిల్ల సదువు సారూ," అంది అవ్వ. "తినుర్రి, తినుర్రి."

సారుకు అర్థం కాలేదు. అవ్వ ఓపిగ్గా మొదట్నుంచి చెప్పింది. విత్తు, బండ, పాదు, కాయ, బుర్ర, బడి. చెబుతుంటే ఆయన చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది. తలుపు దగ్గర నిలబడి ఉన్న నన్ను చూశాడు. నేను ఏడుస్తున్నాను, బిగ్గరగా కూడా కాదు. ఆడపిల్లను బడికి పిలవడానికి వచ్చి ఆమె బడిని కూరలో తిన్న పంతులు మా జిల్లాలో ఆయనొక్కడే అయి ఉంటాడు.

"బుర్ర లేకున్నా పంపుర్రి అవ్వా. నా చెంబుల నీళ్లు ఇస్త."

"నీ నీళ్లు పిల్ల తాగితే నువ్వేం తాగుతవు సారూ? ఎండల బొబ్బ బెట్టి సదువు జెప్పెటోనివి."

సారు తల వంచుకుని పళ్లెంలో ఉన్నది ఊడ్చి తిన్నాడు. మా ఇంట్లో అన్నం వదిలేసే వీలు లేదని ఆయనకు అప్పటికే అర్థమై ఉంటుంది. పోయేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టాడు. అమ్మ కొన్నాళ్లపాటు నాకు ఎదురుపడకుండా తిరిగింది. ఆమె తప్పేమీ లేదు. ఇంటికొచ్చిన మనిషి ముందు ఉత్త రొట్టె పెట్టడం ఆమె చేతకాదు.

కప్పు అవతలి వాలులో, మొగరం దూలానికి నొక్కుకుని, ఎవరి కంటా పడని వంకర కాయ ఒకటి ఉందని తర్వాత తెలిసింది. పాదు ఎండే దశకు వచ్చింది కనుక అది ఇక పెరగలేదు. ఉన్నంతలో ముదిరింది. మాఘమాసం ఎండలకు తొడిమ నల్లబడ్డాక అవ్వే నిచ్చెన వేసుకుని ఎక్కి కోసుకొచ్చింది. మెడ కోసి, నీళ్లు నింపి కొన్నాళ్లు మూలన పెట్టింది. లోపలి గుజ్జు కుళ్లి ఇల్లంతా పుల్లటి వాసన వేసింది. గులకరాళ్లు వేసి గిలకొట్టించింది. గుజ్జు గోలెంలోకి పోయింది, విత్తులు మరుసటి ఏటికని బూడిదలోకి పోయాయి. నీడన ఆరబెట్టి, పొయ్యి మీద పొగకు వేలాడదీసి, ఊలు తాడు పేని కట్టింది. అన్నీ అయ్యాక నింపి, ఎత్తి పట్టుకుని చూసింది.

"సగం దినానికొస్తయి," అంది.

నేను బుర్రకు రెండు చేతులూ చాచాను.

"అయితే సగం దినం పో. పగటీల్లకు ఇంటికి రావాలె. ఒట్టి బుర్రతోని ఎండల దిరిగితే కాళ్లిరగ్గొడత."

అట్లా నేను బడిలో చేరాను. ఒంటిపూట బడి అనేది ఎండాకాలపు ఏర్పాటని అందరికీ తెలుసు. ఏడాది పొడుగునా ఒంటిపూట బడికి పోయిన మనిషిని నేనే. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి బుర్ర ఊపి చూసుకుని, దారికి సరిపడా గుక్కలు మిగిలాయనుకుంటే లేచి దండం పెట్టి వచ్చేసేదాన్ని. సారు ఏమీ అనేవాడు కాదు. ఆయనకు ఆ విషయంలో అనడానికి నోరు లేదు. పొద్దుటి పూట తెలుగు, లెక్కలు చెప్పేవాడు, పగటి తర్వాత చరిత్ర, భూగోళం. అందుకని నాకు ఎక్కాలన్నీ వచ్చాయి కాని మన దేశానికి పడమట ఏ సముద్రం ఉందో చాలా రోజులు తెలియలేదు. కొత్త బుర్రలో నీళ్లు ముందు చేదుగా ఉండేవి. తర్వాత తర్వాత పొగవాసన, ఊలువాసన కలిసిన చల్లటి రుచి వచ్చింది. బడి చుట్టూ పిల్లలకు తలా ఒక మొక్క పంచాడు సారు. ఇంటికి పోయే ముందు బుర్రలో అడుగున మిగిలినవి దానికి పోయాలి. నా కానుగ మొక్కకు మధ్యాహ్నం పోయడానికి నా దగ్గర మిగిలేవి కావు. ఎవరూ చూడనప్పుడు సారు తన చెంబులోవి దానికి పోసేవాడని బీరయ్య చెప్పాడు.

పూర్తి పూట బడికి పోవాలంటే పెద్ద బుర్ర కావాలి, దానికి మళ్లీ ఒక పాదు కావాలి. తొలకరికి మళ్లీ విత్తాను. ఆ ఏడు వానలు మొగమాటానికి రెండు మూడు పడి పోయాయి. బావిలో చేద బండకు తగిలేది. స్నానాల నీళ్లు అవ్వ కొలిచి పోసేది, మనిషికి ఒక్క బిందె, తర్వాత అది కూడా సగం. పెరట్లో పాదులన్నీ బతికీ బతకనట్టు ఉన్నాయి. బీరయ్య దోస గిడసబారింది, అమ్మ బీర పిందె రాల్చింది. నా సొరపాదు మాత్రం కప్పెక్కింది. ఇది నా స్నానం గొప్పతనమని నేను అనుకున్నాను. అందరికంటే నేను బాగా రుద్దుకుంటాను కనుక నా నీళ్లలో బలం ఎక్కువని బీరయ్యకు చెప్పాను. నీ ఒంటి మురికి ఎక్కువ అన్నాడు వాడు. కాయ పెరుగుతున్నంత కాలం నాకు ఏ సమాధానమైనా సరే.

పగటీల్లకు ఇంటికి వచ్చే మనిషిని నేనొక్కదాన్నే. అమ్మ చెలకకు, బాపు మంద వెంట పోయేవాళ్లు, బీరయ్య బడిలో ఉండేవాడు. నేను వచ్చేలోపల ఇంట్లో ఎవరూ ఉండరని అవ్వ లెక్క. ఒకరోజు సారుకు జ్వరం వచ్చి బడి తొందరగా విడిచిపెట్టాడు. నేను వచ్చేసరికి అవ్వ స్నానం చేస్తోంది. తన బండ మీద కాదు. నా బండ మీద కూర్చుని, చెంబు తర్వాత చెంబు, నెమ్మదిగా, తన నీళ్లన్నీ నా కాలువలోకి పోసుకుంటోంది. నన్ను చూసి ఉలిక్కిపడలేదు.

"నా బండ కాలుతాంది. నీ బండకాడ నీడున్నది," అంది.

రెండు బండల మీదా ఒక్కటే ఎండ పడుతోంది. నేను ఆకాశం వైపు చూశాను, తర్వాత చిక్కుడు వైపు చూశాను. అది అప్పటికే అంచుల వెంట ఎండడం మొదలైంది. నాకు అప్పుడే అంతా అర్థమైంది. పెద్దయ్యాక అర్థమైందని రాస్తే బాగుంటుంది గాని, నిజానికి అక్కడే, ఆ ఎండలో, బుర్ర చేతిలో పట్టుకుని నిలబడి ఉండగానే అర్థమైంది. అవ్వ తల తుడుచుకుంటూ, "నీ నోరెండింది గని పోయి నీళ్లు దాగు. ఎవలకన్న చెప్పినవో, బుర్ర పగలగొడత," అంది.

పౌర్ణమి దాటేసరికి చిక్కుడు పూర్తిగా ఎండిపోయింది. ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు. మా పెరటి ధర్మం ప్రకారం పాదు ఎండిందంటే ఆ మనిషి స్నానం మానేసినట్టే. ధర్మం పెట్టింది అవ్వే. బీరయ్య ఆ రోజు కోసమే పుట్టినవాడిలా వెలిగిపోయాడు. "అవ్వ తానం జేస్తలేదు! అవ్వ తానం జేస్తలేదు!" అని వాడకట్టులో చాటాడు. పక్కింటి ఆడవాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు. ముసలితనానికి చలి పుడుతుందేమో అన్నారు. మా అమ్మ సర్దబోయింది: "పేనుబంక వట్టింది గావచ్చు అత్తా." సులువుగా ఆ దారిలో బయటపడి ఉండవచ్చు. అవ్వ ఒప్పుకోలేదు.

"పేనుబంక లేదు, ఏం లేదు. తానం జెయ్యలే, ఎండింది. బద్ధకమైంది. దండుగ నేనే కడత."

నేను నోరు తెరిచాను. ఆమె నా వైపు చూసింది. నేను నోరు మూసుకున్నాను. ఒక్క మాట చెబితే ఆమె పరువు నిలబడేది, నా బుర్ర పోయేది. ఆ బుర్ర నా ఒక్కదాని నీళ్లతో పెరగలేదని తేలితే అది నాది కాకుండా పోతుంది. ఆమె పెట్టిన షరతు ఆమె సడలించదు. సడలిస్తే రేపు బీరయ్య కూడా సడలించమంటాడు. షరతు అట్లాగే ఉంచి, దాని కిందనుంచి నన్ను తోయడానికి ఆమెకు ఇదొక్కటే దారి దొరికింది. అందుకు తన చిక్కుడును, తన స్నానాన్ని, పేరును ఇచ్చేసింది.

ఆ చలికాలమంతా కుడితి గోలెం అవ్వే నింపింది. చంకన బిందె పెట్టుకుని, నడుము మీద చెయ్యి వేసుకుని, బావి నుంచి గోలెందాకా నడిచేది. నేను అందుకోబోతే కసిరేది. మంద కోసం వచ్చిన బేరగాళ్లను సాగనంపి లోపలికి వస్తూ ఒకరోజు బాపు చూశాడు.

"గిదేందే అవ్వా, నువ్వు మోసుడేంది?" మా బాపు కూడా తల్లిని అవ్వా అనే పిలిచేవాడు.

"తానం జెయ్యలే కొడుకా. దండుగ గడుతున్న."

బాపు ఎండిన చిక్కుడును చూశాడు. కప్పు నిండా అల్లుకున్న సొరపాదును చూశాడు. తల్లిని చూశాడు, నన్ను చూశాడు. గొర్లను చూసి దేనికేం జబ్బో చెప్పే మనిషి ఆయన. గొంగడి భుజాన వేసుకుని మందలోకి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి బావిలోంచి చేదడం ఆయన చేశాడు. మోయడం మాత్రం అవ్వ ఎవరికీ ఇవ్వలేదు.

ఎండాకాలానికి ముందే నా పెద్ద బుర్ర తయారైంది. అవ్వ నింపి, ఎత్తి చూసి, "దినమంత వస్తయి," అంది. అంతే. నేను ఆమె నడుము పట్టుకుని ఏడిస్తే, నీళ్లు ఒలుకుతున్నాయని తిట్టింది. ఆ తొలకరికి నేను రెండు పూటలా బడికి పోయాను. పడమటి సముద్రం పేరు నేర్చుకున్నాను. సాయంత్రం పోయేటప్పుడు నా కానుగకు నా బుర్రలోవే పోశాను. తర్వాతి సంగతులు అందరివీ ఎట్లా ఉంటాయో అట్లాగే ఉన్నాయి. పై చదువు, ఉద్యోగం, ఎన్నో ఊళ్లు, ఎందరో పిల్లలు. పెద్ద బుర్ర ఎప్పుడో ఎక్కడో పగిలింది. ఖాళీ అయిన ఒంటిపూట బుర్రను అవ్వ తీసుకుంది. ఎండిన చిక్కుడు తీగకు మిగిలిన కాయలు వలిచి, విత్తులు అందులో పోసి, గుడ్డ బిగించి దూలానికి కట్టింది. ఆ తర్వాత ఏటా అందులోంచి తీసి విత్తేది, ఏటా కొత్తవి నింపేది. నింపిన చివరి విత్తులు అట్లాగే ఉండిపోయాయి. తీసి విత్తడానికి అవ్వ లేదు.

నిధి వాళ్ల బడికి బుర్ర తీసుకునిపోయాను. చల్లటి హాల్లో ఈ కథంతా చెప్పాను. ఒక పిల్లవాడు లేచి, "అంటే మీరు స్నానం చేసిన నీళ్లు తాగారా?" అని అడిగాడు. పాదు తాగింది, నేను మంచినీళ్లు తాగాను అన్నాను. వాళ్లకు ఆ తేడా పెద్దగా నచ్చలేదు. పెద్ద మేడం నా మాటలు చాలా స్ఫూర్తినిచ్చాయని చెప్పి, భూమికి హాని చేయని స్టీలు సీసా ఒకటి బహూకరించింది. అది ప్లాస్టిక్ కవరులో, కవరు అట్టపెట్టెలో, పెట్టె ఇంకో ప్లాస్టిక్ కవరులో ఉంది. ఇంటికి వచ్చి అన్నీ విప్పడానికి కొంత సేపు పట్టింది.

ఆ సాయంత్రం బుర్ర మూతి గుడ్డ విప్పాను. చిక్కుడు విత్తులు గుప్పెడు రాలాయి. చాలావాటిని పురుగు తొలిచింది. బాగున్నవి ఏరి నిధి చేత బాల్కనీ తొట్టిలో నాటించాను. టబ్బులో నిలబడి స్నానం చేసి, ఆ నీళ్లలోంచి ఒక మగ్గు దీనికి పోయాలి, ఎండితే నువ్వు స్నానం ఎగ్గొట్టావని అందరికీ తెలిసిపోతుంది, పాదు అబద్ధం చెప్పదు అన్నాను. పిల్లకు ఇది ఆటలా నచ్చింది. రోజూ పోసింది. సబ్బు మాని సున్నిపిండి రుద్దించుకుంది. తొట్టిలో మాత్రం ఏమీ మొలవలేదు. అంత పాత విత్తులు మొలవవు. ఆ సంగతి నాకు ముందే తెలిసి ఉండాల్సింది. ఒకరోజు తడి తలతో, మగ్గు పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చింది.

"అమ్మమ్మా, నేను స్నానం సరిగ్గా చేయట్లేదా?"

ఆ పిల్ల బడికి పోయాక నేను చెప్పులు వేసుకుని, మోకాళ్ల నొప్పితో మెట్లు దిగి, బజారులో విత్తనాల దుకాణానికి పోయి చిక్కుడు గింజలు కొనుక్కొచ్చాను. తొట్టిలో వేలితో గుంటలు చేసి నొక్కి, మట్టి చదును చేశాను. వారం తిరక్కముందే మట్టి పగిలి రెండు ఆకులు వంగి నిలబడ్డాయి. "అవ్వ చిక్కుడు! అవ్వ చిక్కుడు!" అని పిల్ల అపార్ట్‌మెంటంతా చాటింది.

మొన్న దానికి ఒళ్లు వెచ్చబడి ఒకరోజు స్నానం తప్పింది. ఆదివారం సాయంత్రం మా అమ్మాయి పట్టిక ముందేసుకుని వరసగా నక్షత్రాలు అతికిస్తుంటే, ఆ రోజు మొక్క గడి దగ్గరికి వచ్చేసరికి తల్లి చేతిని నిధి పట్టుకుంది.

"అది వద్దు మమ్మీ. పాదుకు తెలుసు."

ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. పాదుకు ఇంకో సంగతి కూడా తెలుసు. అది చెప్పదు.